కొండమీద ఓ చిన్న దేశం

ఐరోపా పటంలో లగ్జెంబర్గ్‌ను వెతకాలంటే కళ్లద్దాలు సవరించుకోవాల్సిందే. ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియంల మధ్య ఇరుక్కుపోయిన బుల్లి దేశమది. విస్తీర్ణం 2,586 చదరపు కిలోమీటర్లు. అయితేనేం... సొంత జెండా ఉంది, సొంత ప్రభువు ఉన్నాడు, ఐక్యరాజ్య సమితిలో ఓ కుర్చీ ఉంది.

అంతకంటే కాస్త పెద్ద కొండనేల ఒకటి మన పాలమూరు, నల్లగొండ జిల్లాల దక్షిణపు కొసన ఉంది. అదే అమ్రాబాద్ పీఠభూమి. దాన్ని, దాని చుట్టూ ఉన్న నల్లమల అడవుల్ని కలిపి ప్రకటించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. దీనికి జెండా లేదు, రాజు లేడు. కానీ సరిహద్దుగా ఓ మహానది ఉంది. కోటగోడల్లాంటి కొండ అంచులున్నాయి. సొంత జనం, సొంత దేవుళ్లు, ఆఖరికి సొంత పశుజాతి కూడా ఉన్నాయి. రాత్రి తొమ్మిదింటికి మూసి తెల్లారి ఆరింటికి తెరిచే సరిహద్దు గేటు సరేసరి!

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే బస్సెక్కిన ప్రతివాళ్లూ ఈ దేశాన్ని దాటే ఉంటారు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర టీ తాగి, కోతులకు పల్లీలు విసిరి, ఘాట్‌రోడ్డు మలుపుల్లో కాసేపు కునికి, కళ్లు తెరిచేసరికి పాతాళగంగ వంతెన. అంతే. మల్లన్న దర్శనం తొందరలో ఉన్నవాళ్లకి ఆ మధ్యనున్నదంతా వట్టి అడవి. నిజానికి చూడాల్సిన కథంతా ఆ మధ్యనే ఉంది.

రెండు మెట్ల కొండ

అమ్రాబాద్ పీఠభూమిని దూరం నుంచి చూస్తే రెండు మెట్లుగా కనిపిస్తుంది. అచ్చంపేట దిక్కునున్న మైదానం నుంచి హాజీపూర్ చౌరస్తా దాటి ఘాట్ ఎక్కితే మొదటి మెట్టు. సముద్రమట్టానికి దాదాపు రెండు వేల అడుగుల ఎత్తు. మన్ననూరు, అమ్రాబాద్, పదర, వంకేశ్వరం, మద్దిమడుగు అన్నీ దీనిమీదే. ఇక్కడ చేలున్నాయి, చెరువులున్నాయి, పత్తి, ఆముదం, జొన్న పండుతాయి. పై చదువులు, పెద్దాసుపత్రి కావాలంటే మాత్రం కొండ దిగాల్సిందే.

మన్ననూరు దాటాక రోడ్డు మళ్లీ ఎక్కడం మొదలుపెడుతుంది. అది రెండో మెట్టు. ఫరహాబాద్, వటవర్లపల్లి దాకా పరచుకున్న పై పీఠభూమి. ఇక్కడ చేలు తక్కువ, చెట్లు ఎక్కువ. నల్లమద్ది, ఏగి, ఇప్ప, తునికి, చండ్ర, వెదురు. ఎండాకాలంలో ఆకు రాలి అడవంతా ఎముకల గూడులా నిలబడుతుంది. నాలుగు వానలు పడగానే అదే అడవిని గుర్తుపట్టడం కష్టం.

ఉత్తరాన డిండి వాగు, దక్షిణాన, తూర్పున కృష్ణానది. నది అంటే మామూలుగా కాదు. కొండను నిలువునా కోసుకుంటూ వందల అడుగుల లోతున పారుతోంది. దోమలపెంట దగ్గరి ఆక్టోపస్ వ్యూపాయింట్ నుంచి చూస్తే ఎనిమిది కాళ్ల జీవిలా మెలికలు తిరిగిన నీళ్లు కనిపిస్తాయి. అవతలి గట్టు ఆంధ్రప్రదేశ్. అడవికి ఆ సంగతి తెలియదు, అక్కడా అదే నల్లమల.

ఈ కొండ నెత్తిన ఉన్నది క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. దాని కింద అంతకంటే పాతదైన గ్రానైటు. వంద కోట్ల సంవత్సరాలకు పైబడిన ముచ్చట ఇది. పైన పడిన వాన రాతి పగుళ్లలోంచి మెల్లగా దిగి, కొండ చరియల కింద ఊటలుగా బయటికొస్తుంది. ఉమామహేశ్వరంలో పాపనాశనం, వటవర్లపల్లి దగ్గర మెట్లు దిగి చూడాల్సిన మల్లెలతీర్థం, లోయ అడుగున దాక్కున్న సలేశ్వరం... అన్నీ కొండ దాచుకున్న నీళ్లే. చెంచుల పెంటలు, గుళ్లు, పులుల జాడలు అన్నీ ఈ ఊటల చుట్టూనే ఉంటాయి. పైన ఒక్క ఊట ఎండిందంటే ఒక పెంట కదలాల్సి రావచ్చు.

ఊళ్ల పేర్లలోనే ఈ భూగోళమంతా ఉంది. గుండం అంటే నీటి మడుగు. లొద్ది అంటే లోతైన లోయ. బైలు అంటే చెట్ల మధ్య తెరిపి నేల. ఇక పెంట అనగానే ముక్కు చిట్లించక్కర్లేదు. ఇక్కడ పెంటంటే పది ఇరవై గుడిసెల చెంచు గూడెం. ఈర్లపెంట, ఆగర్లపెంట, కొల్లంపెంట అలా వచ్చినవే. శ్రీశైలం దారిలో దోమలపెంట, ఈగలపెంట అన్న పేర్లు చూసి నవ్వుకోని ప్రయాణికుడు ఉండడు. 2024లో వీటికి బ్రహ్మగిరి, కృష్ణగిరి అని కొత్త పేర్లు పెట్టారు. బాగానే ఉన్నాయి కానీ, అలాంటి గిరులు దేశమంతా బోలెడు. ఈగలపెంట ఒక్కటే ఉండేది!

వచ్చిన రాజులు... ఉండని రాజులు

మన్ననూరు దాటాక శ్రీశైలం దారి పక్కన కొండమీద రాతిగోడల శిథిలాలు కనిపిస్తాయి. కాకతీయుల చివరి చక్రవర్తి పేరుమీద దాన్ని ప్రతాపరుద్రుడి కోట అంటారు. కొండకు ఉత్తరాన, నల్లగొండ వైపు దేవరకొండలో రేచర్ల పద్మనాయకులు ఏడు గుట్టలను కలిపి కోట కట్టారు. ఓరుగల్లు పతనమయ్యాక వాళ్లు రాచకొండ, దేవరకొండల నుంచి ఈ మెట్టనేలనంతా ఏలారు. ఆ తరవాత బహమనీలు, గోల్కొండ, నిజాములు. అందరికీ ఈ కొండతో పని పడింది. శ్రీశైలానికి దారి కావాలి, వేటకు అడవి కావాలి, దాక్కోవడానికి కోట కావాలి. పైన కాపురముండటానికి మాత్రం ఎవరూ ఇష్టపడలేదు.

నిజాముల కాలంలో ఇది వేటస్థలం. ఫరహాబాద్ అన్న పేరు అప్పటిదే. ఫరహ్ అంటే ఉర్దూలో ఆనందం. వేసవి విడిదిగా, వేట మజిలీగా కట్టిన భవనాల ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. ప్రభువుల ఆనందానికి డప్పులు కొట్టి పులిని తోలడానికి, మోతలు మోయడానికి పిలిచింది మాత్రం చెంచుల్నే.

పులి తలరాత తరవాత మారింది. 1978లో అభయారణ్యం, 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల సంరక్షణ కేంద్రం. రాష్ట్రం రెండయ్యాక కృష్ణకు ఇటువైపు భాగం 2015లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా విడివడింది. 2016లో జిల్లాలు చీలినప్పుడు కొండ ఎక్కువభాగం మహబూబ్‌నగర్ నుంచి కొత్త నాగర్‌కర్నూల్‌కు వెళ్లింది. చందంపేట, నేరేడుగొమ్ము వైపు అడవులు నల్లగొండలోనే ఉన్నాయి. ఒకప్పుడు వేటాడిన చోటే ఇప్పుడు సఫారీ జీపులు తిరుగుతున్నాయి. డప్పు కొట్టినవాళ్ల మనవలు అటవీశాఖలో పులి అడుగుల్ని వెతికే ట్రాకర్లుగా పనిచేస్తున్నారు. ఎండుటాకుల మీద పడిన అడుగును గుర్తుపట్టడం ఏ కోర్సులోనూ నేర్పే విద్య కాదు మరి.

మధ్యలో ఇంకో అధ్యాయం ఉంది. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో దళాలు ఈ అడవిలో తలదాచుకున్నాయి. ఎనభైల నుంచి నల్లమల నక్సలైట్లకు కంచుకోట అయింది. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు నాయకులు బయటికొచ్చింది ఈ నల్లమల నుంచే. ఆ చర్చలు ఫలించలేదు. ఆ తరవాత రెండు మూడేళ్లలోనే వాళ్లు ఈ అడవిని ఖాళీ చేశారు. అటు దళాలు, ఇటు పోలీసులు... మధ్యలో నలిగింది పెంటల్లోని జనం.

బామ్మర్ది చేతిలో తాడు

ఈ దేశానికి అసలు పౌరులు చెంచులు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో దాదాపు 17 వేల మంది. వాళ్ల భాష తెలుగే. అదే విచిత్రం. చాలా ఆదిమ తెగలకు సొంత భాషంటూ ఒకటి ఉంటుంది. చెంచులు మాట్లాడేది మన మాటే. కానీ బతుకు పూర్తిగా వేరు. నిమ్మల, చిగుర్ల, తోకల, కాట్రాజు, దాసరి... ఇవీ వాళ్ల ఇంటిపేర్లు. ఒక ఇంటిపేరు వాళ్లు అన్నదమ్ముల వరస. పెళ్లి సంబంధం వేరే ఇంటిపేరుతోనే. గుండ్రటి గోడ, పైన గొడుగులా గడ్డికప్పు వాళ్ల పాతకాలపు ఇల్లు. గారెల మైసమ్మ అడవిలో తిండి దొరికేలా చూసే తల్లి.

చెంచులు పండించుకుని తినేవాళ్లు కాదు, ఏరుకుని తినేవాళ్లు. ఆడవాళ్లు గడ్డపార పట్టుకుని దుంపలు తవ్వుతారు. ఇప్పపువ్వు, మొర్రిపండ్లు, తునికిపండ్లు, ఉసిరికాయలు, నన్నారి వేర్లు, తపసి బంక... ఏ నెలలో ఏది దొరుకుతుందో వాళ్లకు పంచాంగంలా తెలుసు. వీటిలో చాలావాటిని గిరిజన సహకార సంస్థ డిపోలు కొంటాయి. పట్నంలో సీసాలో కొనే గిరిజన తేనెకు ఇలాంటి కొండచరియలే పుట్టిల్లు.

ఆ తేనె తీయడం చూస్తే సీసా మూత తీయడానికి కూడా చెయ్యాడదు. పెద్ద తేనెటీగలు గూడు పెట్టేది నిలువు చరియలకు. కొండ పైనున్న చెట్టుకు తాడు కట్టి, దాన్ని పట్టుకుని మనిషి లోయలోకి దిగుతాడు. చేతిలో పొగ పెట్టే కాగడా, నడుముకు తేనె పట్టడానికి బుట్ట. కింద వందల అడుగుల శూన్యం. చుట్టూ వేల ఈగలు. పైన తాడుకు కాపలా ఎవరుండాలి? అన్నా కాదు, తమ్ముడూ కాదు. బామ్మర్దే ఉండాలి. కారణం చాలా తేలిక. తన అక్కో చెల్లో ముండమోయాలని ఏ తోడబుట్టినవాడూ కోరుకోడు కదా! ఆస్తి తగాదాల్లో అన్నదమ్ముల్ని చూసిన మైదానం జనానికి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది.

వీళ్ల జీవితాన్ని మొదటిసారి వివరంగా రాసింది ఓ ఆస్ట్రియా దేశస్తుడు. పేరు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. రెండో ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు ఆయన ఇండియాలో ఉన్నాడు. అప్పటికి ఆస్ట్రియాను హిట్లర్ కలిపేసుకోవడంతో చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్‌వాళ్ల లెక్కలో శత్రువు. ఎక్కడికీ పోకుండా హైదరాబాద్ సంస్థానంలోనే ఉండమన్నారు. సరే, ఉండమన్నచోటే పని వెతుక్కుందామని భార్య బెట్టీతో కలిసి 1940లో అమ్రాబాద్ కొండెక్కాడు. చెంచుల మధ్య నెలల తరబడి ఉన్నాడు. 1943లో వెలువడిన ఆయన పుస్తకం 'ద చెంచూస్' నేటికీ ఈ తెగ గురించి చదవాలనుకునేవాళ్లు మొదట తెరిచే పుస్తకం. చెంచులకు అడవిలో హక్కులుండాలని ఆయన పట్టుబట్టాడు. ఆ దశకంలోనే నిజాం ప్రభుత్వం పై పీఠభూమిలో దాదాపు లక్ష ఎకరాలను వాళ్లకోసం ప్రత్యేకించింది. కాగితం మీద అదే ఈ చిన్న దేశానికి తొలి గుర్తింపు అనుకోవచ్చు. స్వాతంత్ర్యం వచ్చాక చెంచుల్ని ఆదిమ తెగగా గుర్తించి ప్రత్యేక సంస్థలు పెట్టారు. మన్ననూరులో ఆశ్రమ పాఠశాలలొచ్చాయి. అయినా లోపలి పెంటలకు రోడ్డు, కరెంటు, బడి ఒక్కోటి ఒక్కో దశాబ్దం తీసుకున్నాయి.

అల్లుడు మల్లన్న

శ్రీశైలం మల్లన్న అందరికీ దేవుడు. చెంచులకు మాత్రం ఇంటి అల్లుడు! భ్రమరాంబ తమ ఆడపడుచని వాళ్ల నమ్మకం. అందుకే వాళ్ల భక్తిలో భయం కంటే చనువెక్కువ. లింగాల మండలంలోని భౌరాపూర్‌లో శివరాత్రికి చెంచుల పండగ జరుగుతుంది. చుట్టుపక్కల పెంటల జనమంతా చేరి భ్రమరాంబ మల్లికార్జునుల పెళ్లి చేస్తారు. ఆడపిల్లవాళ్ల తరఫున కదా, ఆ మాత్రం హడావుడి తప్పదు.

కొండ చుట్టూ శివుడి జాగాలే. రంగాపూర్ దగ్గరి ఉమామహేశ్వరాన్ని శ్రీశైలానికి ఉత్తర ద్వారమంటారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం మిగతా మూడు ద్వారాలు. మన్ననూరుకు దగ్గర్లోని లొద్ది మల్లయ్యకు తొలి ఏకాదశినాడు జాతర. కింది పీఠభూమి కొసన మద్దిమడుగు ఆంజనేయస్వామి దగ్గరికి మాల వేసుకున్న భక్తులు, ముఖ్యంగా లంబాడాలు, బారులు కడతారు.

అన్నిటికంటే వేరు సలేశ్వరం. ఏడాదంతా తలుపులు మూసుకుని, చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ మూడు నాలుగు రోజులు మాత్రమే తెరుచుకునే అడవి అది. ఫరహాబాద్ గేటు నుంచి లోపలికి రాంపూర్ పెంట మీదుగా కొంతదూరం బండ్లు. ఆ తరవాత రాళ్లు, రప్పలు, మండుటెండ, కాలినడక. ఒక కొండ దిగి మరో కొండ అంచున ఒక్కరే పట్టే దారిలో నడవాలి. ఒక పక్క చరియ, ఇంకో పక్క లోయ. వెళ్లేవాళ్లు 'వస్తున్నాం లింగమయ్యో' అని అరుస్తుంటే తిరిగొచ్చేవాళ్లు 'పోయొస్తాం లింగమయ్యో' అని బదులిస్తారు. రెండు కేకలూ లోయలో కలిసిపోతాయి. చివరికి లోయ అడుగున, అంత ఎండలోనూ ఎత్తు నుంచి జారే జలధార, కింద చల్లటి గుండం, గుహలో లింగమయ్య. పూజారులు చెంచులే. అక్కడ పంతులు, పరపతి, ప్రత్యేక దర్శనం టికెట్టు లేవు.

ఇటీవల జనం లక్షల్లోకి చేరేసరికి వాళ్లు వదిలే ప్లాస్టిక్ సీసాలు అటవీశాఖకు తలనొప్పిగా మారాయి. ఇప్పుడు అభయారణ్యంలో ప్లాస్టిక్ నిషేధం ఉంది. మొక్కు తీరినా చెత్త మిగలకూడదన్నది ఇంకా అందరికీ ఎక్కలేదు.

పొడల ఎద్దులు

దేవుళ్ల సంగతి అందరూ చెబుతారు. ఎద్దుల సంగతి తక్కువమందికి తెలుసు. కింది పీఠభూమిలోని అమ్రాబాద్, పదర మండలాల్లో, ముఖ్యంగా లంబాడా తండాల్లో, ఒంటినిండా గోధుమరంగు మచ్చలున్న తెల్లటి పశువులు కనిపిస్తాయి. వాటిని పొడ తూర్పు అంటారు. పొడ అంటే మచ్చ. మరి తూర్పు ఏమిటి? పాలమూరు పడమటి మండలాల రైతులకు ఈ ఎద్దులు తూర్పుదిక్కు కొండల నుంచి వస్తాయి కనుక తూర్పు ఎద్దులయ్యాయి. దీపావళి తరవాత కురుమూర్తి జాతరలో వీటి బేరం చూసితీరాలి. ఎద్దును చూసి ధర చెప్పే పెద్దలున్నారు.

ఈ పశువులకు కొట్టం తెలియదు. అడవిలో మేసి, రాళ్లమీద నడిచి, తక్కువ నీళ్లతో బతికి గట్టిపడ్డ జాతి. పాలు కొద్ది, సత్తువ ఎక్కువ. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ 2020లో దీన్ని ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. ట్రాక్టర్లు వచ్చాక కొనేవాళ్లు తగ్గారు. అడవిలో మేతకు ఆంక్షలు పెరిగాయి. అప్పుడప్పుడు పులి, చిరుత తమ వంతు తీసుకుంటాయి. గుర్తింపు పత్రం వచ్చేనాటికి మంద పల్చబడటం మొదలైందన్నమాట.

నేల కింద ఏముంది?

పై క్వార్ట్‌జైట్ రాయి, కింది గ్రానైటు కలిసే గీత దగ్గర యురేనియం ఉంటుంది. ఈ కొండను పట్నం దృష్టిలో ఉన్నట్టుండి విలువైనదిగా మార్చింది అదే.

మొదటి కదలిక నల్లగొండ వైపు. నాగార్జునసాగర్‌కు దగ్గర్లోని లంబాపూర్, పెద్దగట్టులలో యురేనియం తవ్వుతామని 2003లో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే జనం గట్టిగా వద్దన్నారు. ఆ గని తెరుచుకోలేదు. పదహారేళ్ల తరవాత, 2019 మే నెలలో, ఈసారి అమ్రాబాద్ మీదికొచ్చింది. 83 చదరపు కిలోమీటర్లలో దాదాపు 4 వేల బోర్లు వేసి యురేనియం వెతికే ప్రతిపాదనకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఊటల మీద బతికే కొండకు నాలుగు వేల రంధ్రాలంటే ఏమిటో పెంటల్లోని వాళ్లకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది. మన్ననూరు నుంచి హైదరాబాద్ దాకా నిరసనలు లేచాయి. సినిమావాళ్లు, రచయితలు, విద్యార్థులు, అన్ని పార్టీలవాళ్లు గొంతు కలిపారు. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఆ పోరాటంలో ఓ సంగతి గమనించాలి. కొండపైన వ్యవసాయం చేసుకునే రెడ్లు, బీసీలు, దళితులు, లంబాడాలు, చెంచులు అప్పటిదాకా ఒక్క మాటమీద నిలబడ్డ సందర్భాలు అరుదు. అడవిలో మేత, పోడు, పట్టాల దగ్గర వాళ్ల మధ్య గొడవలున్నాయి. ఆ వేసవిలో మాత్రం ఒకే టెంటు కింద కూర్చున్నారు.

కింద నుంచి వెళ్లాల్సిన నీళ్లు

యురేనియం ముచ్చటలో మంచీ చెడూ తేల్చడం తేలికే. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి అంత తేలిక కాదు.

కొండకు ఉత్తరాన నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ఊళ్లున్నాయి. బోరునీటిలో ఫ్లోరైడ్. వంకర తిరిగిన కాళ్లతో, ముప్ఫయ్యేళ్లకే వంగిన నడుములతో ఆ ఊళ్ల మనుషుల ఫొటోలు తరాలుగా పత్రికల్లో చూశాం. మిషన్ భగీరథ నీళ్లు చేరాక తాగే నీటి బాధ తగ్గింది. పొలాలకు మాత్రం కృష్ణ నీళ్లు కావాలి. కృష్ణేమో కొండకు అవతలి అంచున పారుతోంది. మోటార్లతో ఎత్తిపోసే పని లేకుండా, కొండ కిందనుంచే నీళ్లు వాటంతటవే వచ్చేలా తవ్వాలనుకున్నది శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం. పొడవు దాదాపు 44 కిలోమీటర్లు. ఒక కొస దోమలపెంట దగ్గర, రెండో కొస అచ్చంపేట వైపు మన్నెవారిపల్లిలో.

మామూలుగా ఇంత పొడుగు సొరంగానికి మధ్యమధ్య పైనుంచి బావుల్లా తవ్వి పని చేసుకుంటారు. ఇక్కడ పైన పులుల అడవి. అడవిని ముట్టుకోకూడదు. కాబట్టి రెండు కొసల నుంచే భారీ యంత్రాలతో తొలచాలి. 2005 ప్రాంతంలో చేపట్టిన పని ఇరవయ్యేళ్లయినా పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు లోపల దాదాపు 14 కిలోమీటర్ల దగ్గర పైకప్పు కూలింది. రాళ్లు, బురద, నీళ్లు ఒక్కసారిగా ముంచెత్తాయి. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్‌ల నుంచి పనికొచ్చిన ఎనిమిది మంది లోపలే చిక్కుకుపోయారు. సైన్యం, సింగరేణి కార్మికులు, కేరళ నుంచి తెచ్చిన జాగిలాలు వారాల తరబడి వెతికాయి. మార్చిలో ఇద్దరి మృతదేహాలు దొరికాయి.

అంతకు ముందు 2020 ఆగస్టులో ఇదే ఒడ్డున శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిది మంది చనిపోయారు. 900 మెగావాట్ల కేంద్రమది. దాని కరెంటు పట్నం దాకా వెళ్తుంది. దానికి కూతవేటు దూరంలోని పెంటల్లో మాత్రం చాలాకాలం చీకటే రాజ్యమేలింది.

నల్లగొండ రైతు నీళ్లడగడం తప్పా? కాదు. పులి అడవి అడగడం తప్పా? అదీ కాదు. ఇన్ని కోరికల్ని మోయాల్సింది ఒకే కొండ. చిక్కంతా అక్కడే.

దిగమంటే ఎక్కడికి?

ఇప్పుడు కొండమీద వినిపించే మాట 'తరలింపు'. పులుల ప్రధాన ఆవాసంలో ఉన్న సార్లపల్లి, కుడిచింతలబైలు, తాటిగుండాల, కొల్లంపెంట లాంటి గూడేలను బయటికి తేవాలన్నది అటవీశాఖ ఆలోచన. కుటుంబానికి 15 లక్షల రూపాయలు, లేదంటే భూమి, ఇల్లు. 2021కి ముందు ఇది 10 లక్షలే. చట్ట ప్రకారం బలవంతం చేయకూడదు. గ్రామసభ ఒప్పుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద ముందు వాళ్ల హక్కులు తేల్చాలి.

దీనిమీద అందరిదీ ఒకే మాట కాదు. రోడ్డు దగ్గరి ఊళ్లలో భూమి, చదువు, ఆసుపత్రి కావాలనుకునే కుటుంబాలు వెళ్తామంటున్నాయి. పురిటినొప్పులొస్తే డోలీ కట్టి మోసుకెళ్లిన అనుభవం ఉన్నవాళ్లను తప్పుపట్టలేం. లోపలి చెంచుల్లో చాలామంది వద్దంటారు. 15 లక్షలు ఎన్నాళ్లొస్తాయి? తేనెగూడు ఎక్కడుందో, ఏ నెలలో ఏ దుంప ఊరుతుందో తెలిసిన మనిషి మైదానంలో దిగితే అడ్డామీద కూలీ. వలసకూలీలకు పేరుపడిన పాలమూరులో ఆ బతుకెలా ఉంటుందో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఇన్నేళ్లూ పులితో కలిసి ఉన్నవాళ్లు లేకపోతే పులిని కాపాడేదెవరు? మనుషులు లేని అడవిలోకి దొంగ వేటగాడు ధైర్యంగా వస్తాడన్న వాదనను కొట్టిపారేయలేం. అభయారణ్యంలో గస్తీ తిరిగేవాళ్లలో చెంచులే చాలామంది మరి.

ఇక శ్రీశైలం రహదారి మీద రద్దీ ఏటేటా పెరుగుతోంది. అడవి మీదుగా స్తంభాలపై ఎత్తైన రోడ్డు వేయాలన్న ప్రతిపాదన ఉంది. కింద జంతువులు, పైన కార్లు. అలా జరిగితే శ్రీశైలం ఇంకా తొందరగా వస్తుంది. మధ్యలో దిగేవాళ్లు ఇంకా తగ్గుతారు.

చూడాలనుకుంటే...

హైదరాబాద్ నుంచి శ్రీశైలం రహదారిలో కడ్తాల్, ఆమనగల్లు, డిండి మీదుగా మన్ననూరు దాదాపు 140 కిలోమీటర్లు. అచ్చంపేట నుంచైతే అరగంట ప్రయాణం. మన్ననూరు, దోమలపెంట గేట్లు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటాయి. కొండ పచ్చగా చూడాలంటే వానలు వెనకబట్టాక, సెప్టెంబరు నుంచి జనవరి లోపు వెళ్లాలి. మల్లెలతీర్థం కూడా అప్పుడే నిండుగా దూకుతుంది. దిగడానికి మూడొందల పైచిలుకు మెట్లున్నాయి, అవే మళ్లీ ఎక్కాలని పెద్దవాళ్లు గుర్తుంచుకోవాలి. ఫరహాబాద్ వ్యూపాయింట్‌కు అటవీశాఖ వాహనాల్లోనే వెళ్లనిస్తారు. ఉమామహేశ్వరానికి పిల్లల్ని కూడా నిశ్చింతగా తీసుకెళ్లొచ్చు.

తీరిక ఉన్నవాళ్లు తిరుగుదారిలో దేవరకొండ కోట చూసి, నేరేడుగొమ్ము మండలంలోని వైజాగ్ కాలనీ దాకా వెళ్లొచ్చు. సాగర్ వెనుక జలాల ఒడ్డున విశాఖ నుంచి చేపలవేటకు వచ్చి స్థిరపడ్డవాళ్ల ఊరది. అక్కడ పడవలో కూర్చుంటే నల్లమల మొత్తం నీటి అవతల నీలంగా పరచుకుని ఉంటుంది.

సలేశ్వరం వెళ్లాలనుకునేవాళ్లు చైత్ర పౌర్ణమి తేదీ ముందే చూసుకోవాలి. అటవీశాఖ ఏ రోజుల్లో వదులుతుందో ప్రకటిస్తుంది. గట్టి చెప్పులు, స్టీలు సీసాలో నీళ్లు, చేతికో కర్ర చాలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మన్ననూరులోనే ఆగి, గిరిజన సహకార సంస్థ తేనె దొరికితే ఓ సీసా కొనుక్కోవడం మేలు.